ఎడమవైపు సీటు

రాజలింగం రోజూ పొద్దున ఏడున్నరకు బండి ఆపి, భుజం మీది తువ్వాల తీసి, వెనక సీట్లు దులిపేవాడు. సూరత్‌లోని లింబాయత్ సందుల్లో రాత్రి పాళీ దిగిన లూమ్ కార్మికులను తన ఈకో వ్యాన్‌లో ఇరికించుకుని పర్వత్ గామ్ దాకా దింపి వచ్చాక అతను చేసే మొదటి పని అది. పన్నెండు గంటలు లూమ్‌ల మధ్య నిలబడ్డ మనిషి సీట్లో చేరగిలబడి, చేతులు ఒళ్లో వదిలేస్తే చాలు, ఒంట్లోని అలసట మెల్లగా కిందికి జారి సీట్లో ఉండిపోతుంది. ఒక్కొక్కరిది నాలుగు కిలోలో అయిదు కిలోలో ఉంటుంది. దులపకపోతే తర్వాత కూర్చున్నవాళ్లకు అంటుతుంది. అందుకే ఆ ఊళ్లో ఆటో ఎక్కేవాళ్లు, చాయ్ బండి ముందు బల్ల మీద కూర్చునేవాళ్లు, సినిమా హాల్లో కుర్చీ వెతుక్కునేవాళ్లు ఎవరైనా సరే, చేతిరుమాలుతోనైనా రెండు దెబ్బలు కొట్టి గాని కూర్చోరు.

రాజలింగం మూడు కొట్టేవాడు. మూడో దెబ్బకు బండి వెనకభాగం స్ప్రింగుల మీద రెండు వేళ్లంత పైకి లేచేది. అప్పుడు తువ్వాల మళ్లీ భుజాన వేసుకుని ఇంటికి పోయేవాడు.

ఇల్లంటే పెద్ద ఇల్లేమీ కాదు. కింద రెండు గదులు, మీద ఒక రేకుల గది. కిందిది మెస్సు. అతని భార్య వినోద నడిపేది. మెట్‌పల్లి, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి ఒంటరిగా వచ్చి లూమ్‌ల మీద పనిచేసే నలభై మంది మగవాళ్లకు రెండు పూటలా ఆమె చేతి వంటే. పగటి పాళీవాళ్ల డబ్బాలు పొద్దున ఆరున్నరకు, రాత్రి పాళీవాళ్ల డబ్బాలు సాయంత్రం ఆరున్నరకు సర్దాలి. ఈ రెండింటి మధ్యలో పాళీ దిగి వచ్చినవాళ్లు కూర్చుని తినాలి. పప్పుచారు, అన్నం, ఒక కూర, ఆదివారం కోడిగుడ్డు. అందరికంటే ముందు లేచి, అందరూ తిన్నాక పడుకోవడం ఆమెకు ఇరవై నాలుగేళ్లుగా అలవాటు. అందులో ఎవరికీ వింతగాని, చెప్పుకోదగ్గదిగాని కనిపించలేదు. వినోద కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు.

రాజలింగం ఇరవై రెండేళ్లు లూమ్ మీద చేశాడు. ఎడమ చెవి దాదాపు పోయింది. మగ్గాల చప్పుడు ఆ చెవిలో ఇప్పటికీ ఆడుతూనే ఉంటుంది. ఆరేళ్ల కింద పని మానేసి పాత వ్యాన్ కొన్నాడు. ఇద్దరి కష్టం కలిస్తే బార్డోలీలో నర్సింగు చదివే కూతురు రుచిత చదువు సాగుతోంది.

అంతా అట్లాగే సాగేదే. కానీ ఆ ఏడు ఎండాకాలం మొదట్లో లూమ్‌ల యజమాని సేఠ్ తన కార్ఖానాను ఊరి బయట కామ్‌రేజ్ అవతలికి మార్చాడు. కొత్త లూమ్‌లు, పెద్ద షెడ్లు. మెస్సులో తినేవాళ్లలో సగం మంది అక్కడికే పోయారు. ఒకరోజు కార్ఖానా మేనేజర్ రాజలింగాన్ని పిలిపించి, అక్కడ చుట్టుపక్కల తిండి దొరకడం లేదనీ, అరవై మందికి వండేవాళ్లు కావాలనీ, వంటకు షెడ్డు కూడా కట్టించామనీ చెప్పాడు.

"మా వినోద చేస్తది సాబ్," అన్నాడు రాజలింగం, ఆయన మాట పూర్తికాకముందే.

ఇంటికి వచ్చి చెప్పినప్పుడు ఆమె బియ్యం కడుగుతోంది. "అరవై మందట. లింబాయత్‌ల ఉన్నోళ్లకు పొద్దుగాల ఇక్కడ వండి, ఆడికి పోయి ఆడ వండాలె. నేను బండిల దింపుత, తీస్కొస్త," అన్నాడు. ఆమె కడుగునీళ్లు వంపి, "ఊఁ," అంది. అతను దాన్ని ఒప్పుకోలుగానే తీసుకున్నాడు.

హైవే దిగాక కార్ఖానా దాకా మట్టిరోడ్డు. సరుకులు, గిన్నెలు వేసుకుని మొదటిసారి పోయినప్పుడే బండి కడుపు రాళ్లకు గీరుకుంది. ఎవరో చెబితే రాజలింగం పదమూడు అంగుళాల చక్రాలు తీయించి, పధ్నాలుగువి పాతవి దొరికితే వేయించాడు. బండి కాస్త ఎత్తయింది. బిగించినవాడు నట్లు చివరిసారి తిప్పుతూ, "సైజు మారింది కాకా, అలైన్‌మెంట్ చేయించుకో. లేకుంటే నెల తిరక్కముందే టైర్లు తినేస్తది," అన్నాడు. రాజలింగం సరేనన్నాడు. రేపు, ఎల్లుండి అనుకుంటూ తొమ్మిది రోజులు గడిచాయి. ఈ తొమ్మిది రోజులూ బండి ఎడమకు లాగుతూనే ఉంది. సీదాగా పోవాలంటే స్టీరింగును కుడికి వంచి పట్టుకోవాలి. సాయంత్రానికి అతని కుడి భుజం పుండులా సలిపేది.

పదో రోజు మంగళవారం. వినోదను తీసుకుపోయి షెడ్డు చూపించి, నాలుగింటికి మేనేజర్‌కు మాట ఇచ్చి రావాలి. పాళీ దిగినవాళ్లు తిని పోయాక, సాయంత్రం డబ్బాలకు పప్పు నానబోసి, ఒంటిగంటన్నరకు బయలుదేరారు. ముందు సీట్లో పెద్ద ఇనప పొయ్యి పెట్టడంతో వినోద వెనక ఎడమవైపు సీట్లో కూర్చుంది. బండి కొన్న ఆరేళ్లలో ఆమె అందులో ఎక్కడం మూడోసారి. మొదటి రెండుసార్లూ ఒళ్లో ఏదో గిన్నె ఉంది. ఈసారి దారిలో ఒలుద్దామని వెల్లుల్లి సంచి తీసి పెట్టుకుంది గాని, తాళం వేసే హడావిడిలో గడప దగ్గరే మరిచిపోయింది.

"అయ్యో, ఎల్లిపాయ సంచి," అంది బండి కదిలాక.

"పోనీయే. జరసేపు ఉత్తగనే కూసో," అన్నాడు రాజలింగం.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పర్వత్ పాటియా దగ్గర ట్రాఫిక్కు ఆగిపోయింది. చీరల బేళ్లు ఎత్తుకున్న టెంపోలు, వాటి మధ్య ఇరుక్కున్న స్కూటర్లు. ఇరవై నిమిషాలు అక్కడే. కదిలి ముందుకు పోయేసరికి స్టీరింగు ఇంకా బరువెక్కింది. బండి ఎడమకు లాగడం కాదు, ఒరిగిపోతోంది. పూణా కుంభారియా రోడ్డెక్కాక వెనక ఎడమ టైరు పైరేకుకు రాసుకుంటూ గరగరమని చప్పుడు చేసింది. కాలిన రబ్బరు వాసన వచ్చింది.

"ఏందిది?" అంది వినోద.

"చక్రాలు మార్చిన గద, అలైన్‌మెంట్ చేయించలే. గంతే," అన్నాడు గాని, అతనికీ భయం వేసింది. కొంచెం దూరంలో తనకు తెలిసిన బ్రహ్మచారి అనే ఆయన షాపు ఉంది. బండిని మెల్లగా అక్కడికి నడిపాడు.

బ్రహ్మచారి కూడా సిరిసిల్ల వైపు మనిషే. ఇరవై ఏళ్లు లూమ్ ఫిట్టరుగా చేసి, తర్వాత ఈ అలైన్‌మెంట్ షాపు పెట్టుకున్నాడు. ఇప్పుడు చూపు తగ్గడంతో మిషన్ పనంతా కూతురు హారతి చూసుకుంటుంది. సూరత్‌లోనే పుట్టిపెరిగి, డిప్లొమా చదివిన పిల్ల. తండ్రితో తెలుగు, గిరాకీతో గుజరాతీ, మిషన్ మొరాయిస్తే హిందీ.

బండి లోపలికి రాగానే ఆమె టైర్ల ముందు వంగి అరచేత్తో అంచులు తడిమింది.

"చక్రాలు మార్చి ఎన్ని రోజులాయె కాకా?"

"తొమ్మిది, పది."

"పది రోజులు గిట్లనే తిప్పినవా! సైజు మార్చిన్నాడే చూపించుకోవాలె. చక్రం పెద్దగైతే బండి ఎత్తు మారుతది, టైరు రోడ్డును పట్టే తీరు మారుతది. చూడు, లోపలి అంచు ఎట్ల కొరుక్కపోయిందో."

"టైం దొరకలే బిడ్డా."

"టైం ఎవలకు దొరుకుతది కాకా," అంది హారతి నవ్వి. బండిని పట్టాల మీదికి ఎక్కించింది. పొయ్యి దింపించింది. గాలి చూసింది. నాలుగు చక్రాలకు నాలుగు పట్టీలు బిగించి, వాటి కొలత పదమూడు నుంచి పధ్నాలుగుకు మార్చింది. స్టీరింగును సీదాగా కట్టేసింది. అప్పుడు వెనక కిటికీలోంచి తొంగి చూసింది. "చిన్నమ్మా, జర దిగుతవా? ఖాళీ బండి మీదనే చూడాలె."

వినోద తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది. రెండో కాలు పెట్టగానే ఉలిక్కిపడి తలుపు పట్టుకుంది. ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే మెట్టు లేకపోతే ఎట్లా ఉంటుందో, ఆమె ముఖం అట్లా అయింది.

"ఏమైంది?" అన్నాడు రాజలింగం.

"ఏం లేదు," అంది వినోద. తన చేతులవైపు చూసుకుంది. "తేలికైంది."

మిషన్ తెర మీద నాలుగు చక్రాల అంకెలు వచ్చాయి. ముందు రెండూ ఎర్రగానే వస్తాయని హారతికి తెలుసు. వెనక ఎడమది అంతకంటే ఎర్రగా వచ్చింది. ఆమె బండి వెనక్కి పోయి చూసింది. మనిషి దిగినా బండి లేవలేదు. ఎడమ స్ప్రింగు అణిగిపోయి, టైరు మీది రేకు టైరును ముట్టుకునే ఉంది.

"డిక్కీల ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదు."

స్టెప్నీ తీసి చూశారు. సీటు కింద చూశారు. స్ప్రింగు విరిగిందేమోనని బ్రహ్మచారి చక్రాల పక్కన కూర్చుని చేత్తో తడిమి చూశాడు. బాగానే ఉంది. ఆయన లేచి, వెనక తలుపులోంచి చెయ్యి పెట్టి ఎడమవైపు సీటు మీద ఆనించాడు. వెంటనే తీసేశాడు.

"ఇందుల ఎవలు కూసున్నరు?"

"మా ఆమె," అన్నాడు రాజలింగం. "ఇప్పుడే దిగె."

"జర దులుపు."

రాజలింగం తువ్వాల తీసి కొట్టాడు. మూడు, నాలుగు, అయిదు. బండి వెంట్రుకవాసి లేవలేదు. ఆరో దెబ్బకు తువ్వాల చేతిలోంచి జారి సీటు మీద పడి, తడి గోనెసంచిలా అక్కడే అతుక్కుపోయింది. గుంజినా రాలేదు.

బ్రహ్మచారి షాపు వెనక్కి పోయి పాత బ్యాటరీ ఒకటి మోసుకొచ్చి కుడివైపు సీట్లో పెట్టాడు. "ఒక్కటి పదిహేను కిలోలు," అన్నాడు. "రెండు పక్కల సమానమయ్యేదాక పెడ్దాం. ఎంతున్నదో తెలుస్తది."

మూడు బ్యాటరీలు పెట్టినా తెర మీద అంకె కదల్లేదు. ఆరు పెట్టాక కొంచెం కదిలింది. తొమ్మిదయ్యాక బ్రహ్మచారికి ఆయాసం వచ్చింది. రాజలింగం తానే మోశాడు. పన్నెండోది పెట్టాక బండి రెండు వైపులా సమానంగా కుంగింది.

"నూట ఎనభై," అంది హారతి. ఆమె గొంతు తగ్గిపోయింది.

"లూమ్ ఫిట్టరుగ ఇరవై ఏండ్లు చేసిన," అన్నాడు బ్రహ్మచారి చెమట తుడుచుకుంటూ. "మొగోళ్లది ఎన్నడు గూడ పది కిలోలు దాటంగ చూడలే. నిద్రపోతే దిగుతది గద. గిది ఒక్కనాటిది గాదు లింగన్నా. ఏనాటికానాడు మిగిలిపోయింది మిగిలిపోయినట్టు పేరుకున్నది. చేతిల పని ఉన్నంతసేపు దిగది గదా. ఇయ్యాల చేతులు ఖాళీ దొరికినయ్, దిగింది."

"ఇంట్లనే ఉంటది గదా చారన్నా," అన్నాడు రాజలింగం.

ఆ మాట అన్నాక తన చెవికే అది ఎట్లాగో వినిపించింది. అతను వినోద కోసం చూశాడు.

ఆమె షాపు ముందు, కంచె దగ్గర నిలబడి ఉంది. చాయ్ బండివాడి దగ్గర గ్లాసు చాయ్, రెండు ఖారీ బిస్కెట్లు తీసుకుంది. ఖారీని చాయ్‌లో ముంచి, విరిగి పడిపోకముందే నోట్లో పెట్టుకుంటోంది. ఒకటి విరిగి గ్లాసులో పడితే నవ్వింది. ఆ నవ్వు విని రాజలింగం ఆగిపోయాడు. భార్య నవ్వు అట్లా ఉంటుందని అతనికి గుర్తులేదు. పై వరసలో ఒక పన్ను పక్కకు ఉంటుందని కూడా గుర్తులేదు.

హారతి ఆమె పక్కన నిలబడితే, "ఆ మిషిన్ నువ్వే నడుపుతవా బిడ్డా? ఎక్కడ నేర్చుకున్నవ్?" అని అడిగింది. ఎన్నేళ్లు పట్టింది, చెయ్యి కాలలేదా, గిరాకీ మొగవాళ్లు నీ మాట వింటారా అని అడుగుతూనే ఉంది. హారతి చెబుతుంటే కళ్లు పెద్దవి చేసుకుని వింది. "సూరత్ వచ్చి ఇరవై నాలుగేండ్లాయె. గిట్ల నిలవడి ఖారీ తినుడు ఇదే ఫస్టు," అంది.

రెండున్నరకు మేనేజర్ ఫోన్ చేశాడు. ఎక్కడిదాకా వచ్చారని అడిగి, నాలుగు తర్వాత తను ఉండనన్నాడు. "దారిలనే ఉన్నం సాబ్," అన్నాడు రాజలింగం. ఫోన్ జేబులో పెట్టుకుని బ్రహ్మచారివైపు తిరిగాడు. "ఏం జేద్దాం చారన్నా?"

"దులిపితె పోయేది గాదు. ఎవలన్న కూసుంటె వాళ్ల ఒళ్లు ఓర్చినంత వాళ్లకు అంటుతది. ఎవలిది వాళ్లు కూసుంటె మాత్రం మొత్తం ఎక్కుతది. బోల్టులిప్పి సీటు ఈడ పెట్టిపో అంటె..." ఆయన నేలవైపు చూశాడు. "నా షాపు బండలు పలుగుతయ్."

ఆ మాటలు వినోద విన్నది. చాయ్ గ్లాసు బండివాడికి ఇచ్చేసింది. చేతులు తుడుచుకుంది. ముఖంలోంచి ఆ కాస్త వెలుగూ పోయింది. అయినా ఏడ్పు గాని కోపం గాని లేదు, అన్నం వార్చే వేళ అయిందని గుర్తొచ్చినట్టు ఉంది.

"ఇగ నడువు, ఆయన ఎల్లిపోతడు," అంది. "నాది నేనే తీస్కుంట. ఇంకెవలకన్న ఎందుకంటియ్యాలె."

కొంగు తీసి నడుముకు బిగించి దోపుకుంది. నలభై మంది అన్నం గిన్నెను పొయ్యి మీంచి దించేముందు ఆమె అట్లాగే దోపుకునేది. రాజలింగం దాన్ని రోజూ చూసేవాడు, చూస్తూ పక్కనుంచి నడిచిపోయేవాడు. ఆమె తలుపు పట్టుకుని ఒక కాలు పైకి పెట్టింది.

"ఆగు," అన్నాడు.

ఆమె ఆగింది.

ఆమె భుజం పట్టుకుని పక్కకు జరిపి, తానే ఎక్కి ఎడమవైపు సీట్లో కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

మొదట మోకాళ్లకు తగిలింది. ఆ తర్వాత నడుముకు. చలికాలపు కొళాయి నీళ్లు వేళ్ల సందుల్లోకి ఎక్కాయి. గంజి ఆవిరి ముఖానికి కొట్టింది. ముక్కు మూసుకుపోయి, ఒళ్లు కాలిపోతూ, నలభై డబ్బాలకు మూతలు పెడుతున్న ఒక పొద్దు వచ్చి మీద పడింది. అది ఏ ఏడో అతనికి తెలియదు. అసలు ఆమెకు జ్వరం వచ్చిందనే తెలియదు. అట్లాంటివి ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉన్నాయి. ఎన్ని పొద్దులో, అన్నీ ఒకేలాంటివి. ఒకటి మాత్రం వేరేగా ఉంది. వినోద తల్లి పోయిందని ఊరి నుంచి ఫోన్ వచ్చిన పొద్దు. ఆ వేళ మంచం మీద కూర్చుని తను అన్న మాట రాజలింగానికి తన గొంతులోనే వినిపించింది: "సాయంత్రం డబ్బాలు పోయినంక బయల్దేరుదాం తియ్యి." ఆమె ఉల్లిగడ్డలు కోసింది. కళ్లు తుడుచుకుంది. అవి ఉల్లిగడ్డల నీళ్లే అనుకుని తను పక్కకు తిరిగి పడుకున్నాడు. వాళ్లు ఊరు చేరేసరికి అంతా అయిపోయింది.

ఇదంతా పోగా దాని కింద ఒక మాట ఉంది. గొంతు దాకా వచ్చి వెనక్కి పోయిన మాట, ఒకసారి కాదు, వందలసార్లు. ఆ మాట ఇప్పుడు అతని గొంతులో ఇరుక్కుంది.

"లింగన్నా, చాలు, లెయ్యి," అంటున్నాడు బ్రహ్మచారి. రాజలింగం లేవలేకపోయాడు. బ్రహ్మచారి ఒక చెయ్యి, హారతి ఒక చెయ్యి పట్టి గుంజితే కిందికి దిగాడు. దిగిన చోటే బండను పట్టుకుని కూర్చుండిపోయాడు. బండి జానెడు పైకి లేచింది.

వినోద అతని ముందు గొంతుకూర్చుని ముఖంలోకి చూసింది. "పిచ్చోడివా ఏంది? ఎవలన్న గట్ల తీస్కుంటరా?"

అతను రెండు చేతులూ బండకు ఆనించి ఊపిరి తీసుకున్నాడు. 

మిగిలినది ఇంకా వంద కిలోల పైనే ఉంటుందని హారతి లెక్కగట్టింది. చివరికి ఆమే బ్యాటరీలన్నీ దింపించి, సీటు బోల్టులు విప్పింది. నలుగురూ కలిసి దాన్ని ఈడ్చి షాపు వెనక మట్టినేల మీద పెట్టారు. ఎండకూ వానకూ ఉంటే ఏళ్లు పట్టినా కరిగిపోతుందన్నాడు బ్రహ్మచారి. ఎవరూ తెలియక కూర్చోకుండా చుట్టూ తాడు కట్టాడు. ఖాళీ అయిన చోట పొయ్యి పెట్టారు.

"కాకా, నువ్వు స్టీరింగ్ ముందల కూసో," అంది హారతి. "ఇగ బండి ఎప్పుడు నీ బరువుతోనే గదా తిరిగేది. నువ్వు కూసున్నంకనే సీదా చేస్త."

అతను కూర్చుంటే బండి కుడివైపుకు ఒరిగింది. ఆమె బండి కింది గుంతలోకి దిగి, పానాతో ముందు చక్రాల కడ్డీలను కొంచెం కొంచెంగా తిప్పింది. పైకి వచ్చి తెర చూసి, మళ్లీ దిగింది. ఎరుపు అంకెలు ఒక్కొక్కటే ఆకుపచ్చగా మారాయి. చివరి అంకె చాలాసేపు మొండికేసింది. "చల్, హో జా," అని హిందీలో బతిమాలాక అది కూడా మారింది. స్టీరింగు పూర్తిగా అటూ ఇటూ తిప్పించి టైరు ఎక్కడా రాసుకోవడం లేదని చూసి పంపించింది.

వినోద ఈసారి ముందు సీట్లో కూర్చుంది. బండి సీదాగా పోయింది. స్టీరింగును వేలితో ముట్టుకుంటే చాలు. పది రోజులుగా బిగబట్టిన భుజం వదులైంది గాని ఆ సుఖం రాజలింగానికి తెలియలేదు. రెప్పలు మూతపడుతుంటే కళ్లు తెరిచి ఉంచుకోవడమే పెద్దపనిగా ఉంది. వినోద అతన్ని మాట్లాడిస్తూ కూర్చుంది. దారిపక్క చెరకు బండ్లను చూపించింది. రుచితను చూసి ఎన్ని నెలలయిందో గుర్తుచేసింది.

నాలుగింటికి అయిదు నిమిషాలు ఉండగా చేరారు. మేనేజర్ షెడ్డు తలుపు తీయించాడు. కొత్త సిమెంటు వాసన. గోడ పొడుగునా అయిదు పొయ్యిల గట్టు, ఒక కొళాయి, మూలన మనిషి లోపల కూర్చుంటే తల కనిపించనంత పెద్ద గిన్నెలు రెండు. "రేపటి నుంచే కావాలి. రెండు పాళీలకూ. సెలవు ఉండదు, లూమ్‌లకు సెలవు లేదు కదా," అన్నాడు హిందీలో.

రాజలింగం ఆ గిన్నెలవైపు చూశాడు. గొంతులో ఇరుక్కున్నది అప్పుడు బయటికి వచ్చింది.

"ఇగ నాతోని కాదు," అన్నాడు.

తెలుగులో అన్నాడు. మేనేజర్‌కు అర్థం కాలేదు. వినోదకు అర్థమైంది. ఆ గొంతు మగగొంతే గాని, ఆ మాట ఎవరిదో ఆమెకు తెలుసు. ఎన్నోసార్లు నాలుక చివర దాకా వచ్చిన మాట. ఆమె గట్టును పట్టుకుని నిలబడింది.

"ఏమంటున్నాడు?" అన్నాడు మేనేజర్.

రాజలింగం షెడ్డు గడప మీద కూలబడ్డాడు. "చేతకాదు సాబ్," అన్నాడు హిందీలో. "అరవై మందికి చేతకాదు."

"వండేది నువ్వు కాదు కదా భాయ్!"

 వినోద ముందుకు వచ్చింది. మేనేజర్ ఆమె గొంతు వినడం అదే మొదటిసారి. తన విరిగిన హిందీలో, మధ్యమధ్య తెలుగు వేసి, గట్టిగానే చెప్పింది. "ముప్పై మందికి అయితే వండుతా. ఒక్క పాళీకే. ఇద్దరు ఆడోళ్లను తోడు ఇవ్వాలె, వాళ్ల జీతం మీరే ఇవ్వాలె. ఆదివారం బంద్."

"సేఠ్ ఒప్పుకోడు బేన్."

"ఒప్పుకోకుంటే సరే," అంది వినోద. భర్త చెయ్యి పట్టి లేపింది. లేపుతుంటే ఆమెకు తెలిసింది ఎంత బరువుగా ఉన్నాడో.

సేఠ్ నిజంగానే ఒప్పుకోలేదు. నాలుగు రోజుల్లో ఇంకో కాంట్రాక్టరు వచ్చి ఆ షెడ్డు తీసుకున్నాడు. ఆ తర్వాత కొంతకాలం వాళ్లకు కష్టంగానే గడిచింది. లింబాయత్ మెస్సులో పద్దెనిమిది మందే మిగిలారు. రాత్రి పాళీవాళ్లు తగ్గిపోవడంతో బండికి పొద్దుటి ట్రిప్పులూ తగ్గాయి. రుచిత బార్డోలీలోనే సాయంత్రాలు ఒక చిన్న ఆస్పత్రిలో పనికి కుదిరింది. 

అతను మాత్రం వానాకాలం అంతా ఆ బరువు మోశాడు. మేడ మీది రేకుల గదికి మెట్లెక్కాలంటే మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. కూరగాయలు కోయడం అతని పని అయింది, బియ్యం కడగడం కూడా. మొదట్లో ముక్కలు ఒకటి పెద్దది ఒకటి చిన్నదిగా వచ్చేవి. తినేవాళ్లు నవ్వారు గాని, వినోద వాటిని అట్లాగే వండింది. తిండి కాగానే పడుకునేవాడు. రోజూ ఇంత నిద్రకు ఇంత చొప్పున ఆ బరువు కరిగింది, కాని చాలా మెల్లగా. వినోద ఒక్కోసారి అతని పక్కన కూర్చుని, "ఎంత దిగింది?" అని అడిగేది. "తెల్వదు," అనేవాడు. ఆమె అతని అరచేతిని తన చేతిలో పెట్టుకుని తూచినట్టు చూసి, "జర నయమే," అనేది.

ఆదివారం మెస్సు బంద్ అని వినోద గోడ మీద సుద్దతో రాసింది. తెలుగులో ఒకసారి, హిందీలో ఒకసారి. మొదటి ఆదివారం నలుగురు అలవాటు మీద వచ్చి, చదివి, గొణుక్కుంటూ వెళ్లిపోయారు.

ఆ రోజు పదకొండు గంటలకు వాన వెలిసింది. రాజలింగం లోపల పడుకుని ఉన్నాడు. వినోద గడప మీద కూర్చుని వీధిలోకి చూస్తోంది. చేతిలో గిన్నె లేదు, చాట లేదు. పక్కసందులో ఉండే కనకవ్వ, చీరలకు రాళ్లు అంటించే పని చేసే ఆమె, మూట నెత్తిన పెట్టుకుని పోతూ ఆగింది.

"ఏం జేస్తున్నవే వినోదా?"

"ఏం జేస్తలేనక్కా."

పడుకున్న రాజలింగానికి మంచి చెవివైపు నుంచి ఆ మాట వినిపించింది. అతను కళ్లు తెరవలేదు.

కనకవ్వ ఆమె ఖాళీ చేతులవైపు చూసింది.  తర్వాత నెత్తి మీది మూట దించి, గోడవారగా పెట్టింది.

"జర జరుగు," అంది.